బ్రేకు మాస్టారూ, బూడిద గుర్రమూ

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే మాత్రం, వెనక ఇంకెవరో వస్తున్నారనుకుని పక్కకి తప్పుకుంటాడు. ఊరంతటికీ ఆయన బ్రేకు మాస్టారు.

కారు నడపడం నేర్పడం ఆయన పని. నెత్తిన రేకు పలక తగిలించిన పసుపుపచ్చ కారు ఒకటి, బస్టాండు వెనక సందులో గది ఒకటి, గదిలో గోడకి రోడ్డు గుర్తుల పటం ఒకటి. అంతే ఆస్తి. నేర్పే కార్లలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే నేర్పేవాళ్ళు తొక్కడానికి. ఎదురుగా లారీ వస్తే మాస్టారు తొక్కుతాడు, అది న్యాయమే. కాకి వాలినా తొక్కుతాడు. కాకి వాలేటట్టుందని అనుమానం తగిలినా తొక్కుతాడు. పాపం నేర్చుకునేవాళ్ళు, ఇదిగో బ్రేకు వేద్దామని కాలెత్తేలోపు కారు ఆగిపోయి ఉంటుంది. ఆయన దగ్గర నేర్చుకుని సొంత కారు ఎక్కాక, కార్లు వాటంతటవే ఆగవని తెలిసి హడలిపోయినవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది.

ఏళ్ళ తరబడి ఆ సీట్లో కూచుని కూచుని ఆ కుడికాలికి వేరే బుద్ధి మొలిచింది. ఎవరైనా గ్లాసు బల్ల అంచున పెడితే చాలు, మాస్టారి కాలు టపీమని నేలని తన్నేది. సినిమాహాల్లో తెర మీద కారు వేగంగా వెళ్తే ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి తిట్టేవాళ్ళు. నోరూ అదే తంతు. ఎదుటివాళ్ళు మాట మొదలుపెట్టి ఊపిరి తీసుకునేలోపు మిగతాది తానే చెప్పేసి, తానే జవాబిచ్చేసి, తానే ముగించేసేవాడు.

ఇంకో గుణం కూడా చెప్పాలి. ఓర్వలేనితనం. ఎదురు వీధిలో ఇంకొకడు కొత్త కారు కొని డ్రైవింగు స్కూలు తెరిస్తే, ఆ రంగు కారులో కూచున్నవాళ్ళకి తలనొప్పి వస్తుందని ఊరంతా చెప్పొచ్చాడు. పెళ్ళాం రేడియో విని నవ్వితే రేడియో వంక గుర్రుగా చూసేవాడు. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. అక్కడి పెద్ద డాక్టరు ఆవిడ చేతి నేర్పు మెచ్చుకున్నాడని తెలిసి, “ఆయన కారు ఎంత వంకరగా ఆపుతాడో నాకు తెలుసు” అన్నాడు. డాక్టరు కారు ఆపితే ఎంత, ఆపకపోతే ఎంత!

అయినా చెడ్డమనిషి కాడు. పిల్లాజెల్లా లేని సంసారం, నర్సమ్మ అంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బ్రేకు మీద పెట్టుకున్నాడు, అదీ గోల.

నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం నర్సమ్మ ఒక ముసలాయన్ని చక్రాల మంచం మీద పై అంతస్తుకి తీసుకెళ్తుంటే కరెంటు పోయింది. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంది. బయటివాళ్ళు తలుపులు తెరిచేసరికి గంటైంది, ముసలాయన అప్పటికే పోయాడు. ఇంతవరకూ, ఆ ముసలాయన ఇల్లెక్కడో కూడా, ఊళ్ళో అందరికీ తెలుసు. లోపల ఏం జరిగిందో నర్సమ్మ ఒక్కదానికే తెలుసు.

ఇంటికొచ్చి చెప్పబోయింది.

“ఆ లిఫ్టులో ఏమైందంటే...”

“వద్దు వద్దు, మళ్ళీ గుర్తు చేసుకోకు. నీ తప్పేమీ లేదు.”

“తప్పని కాదండీ. ఆయన...”

“పోయినాయన ఎలాగూ పోయాడు. వదిలెయ్. టీ పెట్టనా?”

పెట్టిచ్చాడు కూడా, ప్రేమగానే. ఆవిడ ఇంకోరోజు మొదలుపెట్టింది, ఆయన ఇంకో టీ పెట్టాడు. అలా నాలుగైదు టీలు తాగాక నర్సమ్మ ఇక ఆ ఊసెత్తలేదు. కొన్నాళ్ళకి ఉద్యోగం మానేసింది. ఎన్ని అంతస్తులైనా మెట్లే ఎక్కేది. బాత్రూము తలుపుకి గడియ వెయ్యడం మానేసింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూచునేది. మాస్టారికి అప్పుడు తెలిసొచ్చింది, ఇంట్లో మాటలు కరువయ్యాయని. అడిగాడు, బతిమాలాడు. “ఏమీ లేదండీ” అనేది. ఆ మాటకి ఏ బ్రేకు తొక్కాలో ఆయనకి తెలియలేదు.

అలాంటి మనిషి పోయినేడు ఉన్నట్టుండి, మళ్ళీ చదువుకుంటానంది. యూనివర్సిటీలో పెద్ద డిగ్రీ. ఘోరాలు చూసి మనసు దెబ్బతిన్నవాళ్ళని బొమ్మలతో, బంకమట్టితో, పాటతో, గుర్రాలతో మెల్లగా తేరుకునేలా చేసే విద్య.

“గుర్రాలతోనా?”

“అవును.”

“గుర్రాలేం చేస్తాయి? మాత్రలిస్తాయా?”

“అది నేర్చుకోవడానికేనండీ వెళ్ళేది.”

సరే పొమ్మన్నాడు. ఇంట్లో కూచుని వీధి చూడటం కన్నా నయమే కదా అనుకున్నాడు. గుర్రమే తన కొంప ముంచుతుందని ఆయనకేం తెలుసు!

ఊరి చివర పాత గోదాములని బాగుచేసి ఆ చదువు పెట్టారు. ఒక పెద్ద గదిలో రంగులు, బంకమట్టి, కత్తిరించిన గుడ్డపీలికలు. వెనకాల కర్రల కంచె వేసిన ఇసక మైదానం, గుర్రాల కొట్టం. చదివేవాళ్ళంతా వయసు ముదిరినవాళ్ళే, నర్సులూ, టీచర్లూ, ఒక మంటలార్పే ఆయనా. అక్కడ పద్ధతేమిటంటే, రేపు రోగులతో ఏం చేయించాలో అది ముందు తమ మీద తాము చేసుకోవాలి. భయం ఒంట్లో ఎక్కడ కూచుందో బొమ్మ గియ్యాలి. గుర్రం దగ్గరికి వెళ్ళాలి. ఎదురుగా కాదు, పక్కనుంచి. పట్టి లాగకూడదు, తాయిలం చూపించి పిలవకూడదు. దానికి ఇష్టమైతే అదే వస్తుంది.

నర్సమ్మ దగ్గరికి బూడిద రంగు గుర్రం ఒకటి వచ్చింది. అందరూ దాన్ని బూడిద అనే పిలిచేవాళ్ళు.

ఇక చూడండి మాస్టారి అవస్థ. పెళ్ళాం శాలువా మీద బూడిద రంగు వెంట్రుకలు. ఆవిడ లోపలికొస్తే గడ్డి వాసన, చెమట వాసన, అది కూడా నాలుగు కాళ్ళ చెమట. ఫ్రిజ్ తలుపు మీద ఆవిడ గీసిన గుర్రం బొమ్మ. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఆయన బొమ్మ ఒక్కటైనా గీసిందా? మార్కెట్టు నుంచి తెచ్చిన క్యారెట్లలో నున్నగా, ఎర్రగా ఉన్నవి సంచీలో విడిగా దాచేది. వడిలిపోయినవి ఆయన కూరలోకి.

“క్యారెట్లు చూపించకూడదన్నావుగా?”

“పని అయిపోయాక కొట్టంలో పెట్టొచ్చు.”

“నా పని అయిపోయాక నాకేం పెడతారు?” అని గొణిగాడు.

ఒకనాడు దానికోసం మెత్తటి బ్రష్షు కొనుక్కొచ్చింది. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన దువ్వెనకి పళ్ళు సగం ఊడి ఏడాదైంది.

అసలు నిప్పు అంటించింది బొమ్మల టీచరు. బడిలో బొమ్మలు గీయడం నేర్పే ఆవిడ, నర్సమ్మతోపాటు అదే చదువు చదువుతోంది. పైగా మాస్టారి దగ్గర కారు నేర్చుకుంటోంది. నోరు ఊరికే ఉండే రకం కాదు.

ఒక పొద్దున సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అంది, “మాస్టారూ, అక్క నిన్న అద్భుతం అనుకోండి!”

“ఎవరక్క?”

“మీ ఆవిడే. బూడిద మెడ మీద చెయ్యేసి గంటసేపు మాట్లాడింది. మేమందరం కంచె అవతల ఉన్నాం. ఏం చెప్పిందో వినపడలేదు, వినకూడదు కూడా. కానీ ఆ గుర్రం, చెవులు ఆవిడ వైపు తిప్పి అలా నిలబడిపోయింది. మా పెద్ద మేడం కూడా కళ్ళు తుడుచుకుంది.” అని నాలిక కరుచుకుంది. “అయ్యో, ఇది బయట చెప్పకూడదు.”

ఆకుపచ్చ దీపం వెలిగింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. కారు కదలదు. కదలకేం, మాస్టారి కాలు కింద బ్రేకు అడుగంటా దిగిపోయి ఉంది.

“గంటసేపా?”

“కాలు తియ్యండి మాస్టారూ, తిడుతున్నారు!”

“అది మగదా, ఆడదా?”

“ఆడదేలెండి, భయపడకండి.”

“భయమెందుకమ్మా నాకు! ఊరికే అడిగాను. ఇంతకీ అదేం చేస్తుంది?”

“ఏమీ చెయ్యదు. అదే దాని గొప్ప.”

“ఏమీ చెయ్యకపోవడం కూడా గొప్పేనా? అది నాకూ చేతనవును.”

బొమ్మల టీచరు పక్కకి తిరిగి ఆయన కాలి వంక చూసింది. ఆ చూపు తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

ఆ రోజంతా మాస్టారు కాకి లేకపోయినా బ్రేకు తొక్కాడు. తన దగ్గర రెండు ముక్కలు మాట్లాడని మనిషి, మాటరాని జంతువు దగ్గర గంటసేపు! డాక్టరో, ఇంకొకరో అయితే నాలుగు లోపాలు వెతికి పెట్టేవాడు. గుర్రాన్ని ఏమని తిడతాడు? వంకరగా ఆపుతుందంటాడా? ఆ గంటలో ఏం చెప్పిందో తనకీ చెప్పాలి. ఆయనకి కావలసింది అదొక్కటే.

సాయంత్రం ఒక ఉపాయం తట్టింది. నర్సమ్మ వంటింట్లో కూర తరుగుతుంటే, వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఎదురుగా కాదు, పక్కనే. మాట్లాడలేదు. మెడ కొంచెం వంచి ఊరుకున్నాడు. చెవులు తిప్పడం చేతకాక తలే తిప్పాడు.

నర్సమ్మ కత్తి ఆపి చూసింది. “ఏంటలా నిలబడ్డారు? మెడ పట్టేసిందా?”

“లేదు.”

“మరి?”

“ఊరికే. నీ పక్కన నిలబడకూడదా?”

“నిలబడండి. కాస్త జరిగి నిలబడండి, ఉల్లిపాయలు అటున్నాయి.”

ఆయన జరిగాడు. ఆవిడ ఒక ఉల్లిపాయ తీసి తరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఏమైంది? ఏడుస్తున్నావా? ఏడవకు!” అని మాస్టారి కాలు టపీమంది, ఉల్లిపాయలు బల్ల మీంచి దొర్లిపోయాయి. గుర్రం ఉద్యోగం అంతటితో సరి.

చదువు ఏడాది నిండబోతుండగా నర్సమ్మ చెప్పింది. “వచ్చే ఆదివారం ఇంట్లోవాళ్ళని ఒకళ్ళని తీసుకురమ్మన్నారు. మీరొస్తారా?”

“దాన్ని కూడా చూడొచ్చా?”

“దేన్ని?”

“అదే. దాన్ని.”

నర్సమ్మకి నవ్వొచ్చింది. చాలా రోజులకి నవ్వింది. ఆ నవ్వు తన కోసమా, దాని కోసమా అని మాస్టారు పడుకునేదాకా ఆలోచించాడు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు వేసుకుని బయల్దేరాడు. పోటీకి వెళ్ళే మనిషి ఇంకెలా వెళ్తాడు! తీరా చూస్తే, పొట్ట జారిన, కింది పెదవి వేలాడుతున్న ముసలి గుర్రం. దీనికోసమా ఇన్నాళ్ళు కుమిలిపోయాను అనుకున్నాడు. అంతలో అది నర్సమ్మని చూసి కంచె దాకా నడిచొచ్చింది. ఆవిడ మొహం విప్పారింది. మాస్టారు పొట్ట బిగించి చొక్కా సర్దుకున్నాడు.

పెద్ద మేడం, మోకాళ్ళదాకా బూట్లు వేసుకున్న నెమ్మది మనిషి, ఏం చెయ్యాలో చెప్పింది. ఇసకలో కర్రలు, బకెట్లు, పాత గుడ్డలు ఉన్నాయి. వాటితో భార్యాభర్తలిద్దరూ తమ ఇంటి నమూనా ఇసక మీద పరవాలి. పరిచాక గుర్రాన్ని ఆ ఇంట్లోంచి నడిపించాలి. తాడు వదులుగా ఉండాలి. ఒకళ్ళకొకళ్ళు సలహాలివ్వకూడదు.

మాస్టారు చకచకా బకెట్లు పేర్చాడు, డ్రైవింగు పరీక్షలో పెట్టినట్టు తిన్నగా, కొలిచినట్టు. నర్సమ్మ మెల్లగా నాలుగు కర్రలు తెచ్చి ఇంటి నట్టనడుమ ఇరుకుగా ఒక చదరం పెట్టింది. దారికి అడ్డమని మాస్టారు ఒక కర్ర తీసి పక్కన పెట్టాడు. ఆవిడ మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టింది. ఆయన మళ్ళీ తీశాడు. ఆవిడ మళ్ళీ పెట్టింది, ఈసారి ఆయన మొహంలోకి చూస్తూ. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

గుర్రం తాడు నర్సమ్మ పట్టుకుంది. బకెట్ల మధ్యనుంచి వచ్చి ఆ చదరం దగ్గర ఆగింది. లోపలికి కాలు పెట్టలేకపోయింది. బూడిద కూడా ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు. నర్సమ్మ ఒక కాలు లోపల పెట్టింది, రెండోది పెట్టింది. గుర్రం బయటే ఉండి మెడ మాత్రం లోపలికి చాపి ఆవిడ భుజానికి ఆనించింది. నర్సమ్మ ఊపిరి తీసుకుంది. తల తిప్పి గుర్రం వైపు కాదు, మాస్టారి వైపు చూసింది.

“ఏవండీ,” అంది. “ఇందులో ఆయన...”

గడ్డం వణికింది. మాస్టారికి ఆ వణుకొక్కటే కనపడింది. పడిపోతోంది, గుద్దుకుంటోంది, ఆపాలి! కాలు లేచింది, పక్కనున్న కర్ర మీద దబ్బున పడింది. కర్ర దొర్లింది, మడమ మడత పడింది, మాస్టారు ఇసకలో కూలబడ్డాడు. బూడిద ఒక్క ఎగురు ఎగిరి తాడు విడిపించుకుని మైదానం అవతలి మూలకి పోయింది. నర్సమ్మ నోరు మూతపడింది.

మైదానమంతా నిశ్శబ్దం. బొమ్మల టీచరు కూడా మాట్లాడలేదంటే ఎంత నిశ్శబ్దమో చూసుకోండి.

“నేను కావాలని చెయ్యలేదు,” అన్నాడు మాస్టారు ఇసకలోంచి.

“తెలుసండీ,” అంది పెద్ద మేడం. “చప్పుడైంది, అది దూరం జరిగింది. దానికి మీ మీద కోపమేం లేదు. రావాలనిపిస్తే వస్తుంది. మనం పిలవొద్దు.”

కాసేపటికి బూడిద వచ్చింది. తలొంచుకుని, ఇసక వాసన చూసుకుంటూ, మాస్టారి పక్కనుంచే నడిచి, ఆయన్ని దాటుకుని వెళ్ళి నర్సమ్మ దగ్గర నిలబడింది. దాటేటప్పుడు తోక ఆయన మొహానికి తగిలింది. కావాలనే కొట్టిందని ఆయన ఈనాటికీ అంటాడు. కానీ దాని సంగతి అటుంచి ఆయన ఒక్కటి గమనించాడు. అంత ఉలిక్కిపడిందా, మళ్ళీ వచ్చింది. ఎందుకంటే అక్కడ దాన్ని ఎవరూ ఆపరు.

మడమ వాచి బూటు పట్టలేదు. కారు నర్సమ్మే నడపాలి. ఆవిడకి లైసెన్సు ఉంది, మాస్టారు నేర్పిందే. కానీ ఆయన పక్కన కూచుంటే నడపనని ఎప్పుడో మానేసింది. ఇప్పుడిక తప్పలేదు. ఆయన అలవాటుగా తన సీట్లోకి కుంటుకుంటూ ఎక్కాడు. బూటు ఒళ్ళో పెట్టుకున్నాడు.

గోదాముల వీధి దాటారు. వంతెన ఎక్కాక నర్సమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టింది.

“ఆ లిఫ్టులో దీపం కూడా లేదండీ.”

కారు టక్కున ఆగింది. వాచిన కాలే! ఆ వాచిన కాలితోనే తొక్కాడు. నొప్పికి ఆయన కేకపెట్టాడు. వెనకొచ్చే వ్యాను తిట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

నర్సమ్మ కారు పక్కకి తీసి ఆపింది. తిట్టలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకి చూస్తూ కూచుంది. కిటికీ దగ్గర కూచున్నప్పుడు ఉండే మొహం అది. నాలుగేళ్ళుగా ఆయన చూస్తున్న మొహం. మళ్ళీ మూసుకుపోతోంది, ఈసారి మూసుకుంటే ఇక తెరుచుకోదని ఆయనకి తెలిసిపోయింది. ఇది గుర్రం కాదు, కాసేపాగి తిరిగి రావడానికి. నాలుగైదు టీలకే నాలుగేళ్ళు మూసుకుపోయింది.

మాస్టారు తలుపు తీశాడు.

“ఎక్కడికి?”

కారు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, వెనక సీట్లో కూచుని తలుపు వేసుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ కారులో ఆయన వెనక కూచోవడం అదే మొదలు. వెనక సీటు కింద నేలా, ఒక ఖాళీ నీళ్ళ సీసా తప్ప ఏమీ లేవు. కాలు చాపాడు. తొక్కడానికి ఏమీ తగల్లేదు.

“పోనియ్,” అన్నాడు. “నువ్వెంత దూరం పోనిస్తే అంత దూరం.”

నర్సమ్మ అద్దంలోంచి ఆయన్ని చూసింది. బండి కదిలించింది. వంతెన దిగి, ఇంటి మలుపు వచ్చినా తిరగకుండా తిన్నగా పోనిచ్చింది. మాస్టారు మలుపు దాటిపోయామని చెప్పబోయి నాలిక పళ్ళ మధ్య పెట్టి నొక్కుకున్నాడు.

చెప్పింది. చీకటి, ఉక్క, తలుపు కొట్టి కొట్టి చేతులు కమిలిపోవడం. మాట్లాడుతూ ఉంటే భయం తెలియదని ముసలాయనే ఆవిడకి ధైర్యం చెప్పడం. ఆవిడ చెయ్యి వదలకుండా పట్టుకోవడం. మధ్యలో ఎక్కడెక్కడో ఆగింది. ఆగినప్పుడల్లా మాస్టారి కుడికాలు వెనక సీటు కింద గాలిని తొక్కింది. గాలి ఏమీ ఆపలేదు. ఆవిడ మళ్ళీ అందుకుంది.

“చివరికి ఏమన్నాడో తెలుసాండీ? ‘అమ్మాయ్, తలుపులేసిన గదిలో పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకు కూచున్నానని మా ఆవిడకి తెలిస్తే చంపేస్తుంది’ అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు. నా నవ్వు నేను ఆపుకునేసరికి ఆయన చెయ్యి బరువెక్కిపోయింది.”

కారు నెమ్మదిగా పోతోంది.

“బయట ఆయన భార్య ఉంది. ‘చివర్లో ఏమైనా అన్నారామ్మా’ అని అడిగింది. నవ్వుతున్నప్పుడు పోయారని ఎలా చెప్పనండీ? ఏమీ అనలేదన్నాను. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. ఆయన చివరి మాట ఆవిడ గురించేనండీ. అది నా దగ్గర ఉండిపోయింది.”

మాస్టారికి చెప్పాలని గొంతుదాకా బోలెడు వచ్చాయి. నీ తప్పు లేదని, వదిలెయ్యమని, టీ పెడతానని. ఒక్కటీ పైకి రానివ్వలేదు. ఒళ్ళో ఉన్న బూటుని రెండు చేతులా పట్టుకుని కూచున్నాడు. చాలాదూరం పోయాక ఇక ఆగలేక అడిగాడు. ఓర్వలేనితనం ఎక్కడికి పోతుంది!

“ఇదంతా దానికి ముందే చెప్పేశావు, కదూ?”

“దేనికి?”

“అదే. దానికి.”

నర్సమ్మ గేరు మార్చింది. “లిఫ్టు సంగతి చెప్పాను. ఆయన అన్నమాట చెప్పలేదు.”

“ఎందుకని?”

“గుర్రానికి జోకులేం అర్థమవుతాయండీ!”

వెనక సీట్లో మాస్టారి మొహం అద్దంలో పూర్తిగా కనపడలేదు కాబట్టి సరిపోయింది. ఆ వయసులో, ఆ సమయంలో, అంతలా వెలిగిపోవడం ఎవరికైనా సిగ్గే. కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, “ముందు కుడివైపు వీధిలో ఆ ముసలాయన భార్య ఇల్లున్నట్టు గుర్తు” అనబోయాడు. అనలేదు.

నర్సమ్మే కుడివైపు దీపం వేసి తిప్పింది.